పదిహేను సెకన్ల పలకరింపు

*హ్యామ్ రేడియోలో కంప్యూటర్ మాట్లాడితే మనిషి మాట్లాడినట్టేనా? ప్రపంచమంతా నడుస్తున్న ఈ తగువులో హైదరాబాద్ వాటా పెద్దది. నల్లగొండ, పాలమూరు నేలలకూ ఇందులో పని ఉంది.*

సాయంత్రం ఆరు దాటింది. డాబా మీద వెదురుబొంగుకు కట్టిన రాగితీగ రెండో కొస ఎదురింటి వేపచెట్టుకు ముడిపడి ఉంది. కింద గదిలో బల్ల మీద రేడియో, పక్కన పాత ల్యాప్‌టాప్. రేడియో 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర నిలిచి ఉంది. స్పీకర్‌లోంచి మనిషి గొంతు రావడం లేదు. తొలివానకు చెరువుగట్టున కప్పలన్నీ ఒక్కసారి అందుకున్నట్టు సన్నని ఈలలు కలగాపులగంగా మోగుతున్నాయి. పన్నెండున్నర సెకన్లు మోగి, ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు ఆగిపోతాయి. రెండు సెకన్ల నిశ్శబ్దం. ఆ వ్యవధిలో ల్యాప్‌టాప్ తెర మీద వరుసలు పడతాయి: ఇటలీ, రష్యా, జపాన్, ఇండోనేషియా. వెంటనే ఈలలు మళ్లీ మొదలు.

తెలంగాణలో హ్యామ్ లైసెన్సు ఉన్న చాలా ఇళ్లలో ఇప్పుడు ఈ దృశ్యం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట ఇదే గదిలో మైకు పట్టుకుని గొంతు చించుకునేవారు, లేదా ఇత్తడి కీ మీద చుక్కలూ గీతలూ కొట్టేవారు. అవతలి మనిషి పేరు, ఊరు, వాతావరణం, వాడుతున్న యాంటెన్నా అన్నీ మాటల్లోనే తెలిసేవి. ఇప్పుడు తెర మీద పేరు కనబడదు. కాల్‌సైన్, నాలుగు అక్షరాల చిరునామా, సంకేతం బలం ఎంతో చెప్పే ఒక అంకె. అంతటితో పలకరింపు పూర్తి.

ఈ పద్ధతి పేరు ఎఫ్‌టీ8. 2017లో వచ్చింది. కొన్ని నెలల్లోనే హ్యామ్ బ్యాండ్లను ఆక్రమించింది. అప్పటినుంచి హ్యాములు రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారు. ఇది రేడియో కాదు, రెండు కంప్యూటర్లు చేసుకునే లెక్క అని ఒక వర్గం అంటుంది. రేడియో అంటేనే కొత్త ప్రయోగం, పాతదాన్ని పట్టుకుని వేలాడేవాడు హ్యామే కాదని రెండో వర్గం అంటుంది.

ఎవరీ హ్యాములు

లాభం కోసం కాకుండా, నేర్చుకోవడానికీ ప్రయోగాలు చేయడానికీ సొంతంగా రేడియో కేంద్రం నడిపే పౌరుడే హ్యామ్. పరీక్ష రాసి, కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం నుంచి లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుతో పాటు ప్రపంచంలో మరెవరికీ ఉండని కాల్‌సైన్ వస్తుంది. మన దేశంలో అది వీయూ అక్షరాలతో మొదలవుతుంది. చుక్కలూ గీతల భాష మోర్స్ కూడా పాసై జనరల్ గ్రేడ్ తెచ్చుకున్నవారివి వీయూ2, మోర్స్ లేని రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వారివి వీయూ3.

భారత ఉపఖండంలో తొలి హ్యామ్‌గా చెప్పుకునే అమరేంద్ర చంద్ర గుప్తు 1921లో గాలిలోకి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సులన్నీ నిలిపేసింది. అయినా 1942లో ఉషా మెహతా బృందం నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియోకు ట్రాన్స్‌మిటర్ సమకూర్చినవాడు నారిమన్ ప్రింటర్ అనే బొంబాయి హ్యామే. స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం విదేశీ సెట్టు కొనే స్తోమత ఎవరికీ లేదు. మిలటరీ అమ్మేసిన పాత సెట్లు విప్పి, వాల్వులు ఏరి, సొంతంగా కట్టుకునేవారు. 1984లో పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేశాక ఈ హాబీ విస్తరించింది. అంతకుముందు ఏడాదే, 1983లో, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. తెలుగునాట హ్యామ్ అన్న మాట కళాశాలల దాకా వెళ్లడంలో ఆ సంస్థ పాత్ర ఎక్కువ.

అయినా సంఖ్య చిన్నదే. 2007 నాటికి దేశం మొత్తం మీద లైసెన్సుదారులు సుమారు 16 వేలు. అమెరికాలో ఏడు లక్షలు దాటారు. ఇంత కొద్దిమంది ఉన్నచోట ఒక కొత్త పద్ధతి వస్తే ఆ చర్చ ఇంటి గొడవలా మారుతుంది.

పల్సార్ నుంచి పలకరింపు దాకా

ఎఫ్‌టీ8 సృష్టికర్తల్లో ఒకరు జో టేలర్, రెండోవారు స్టీవ్ ఫ్రాంకే. పేరులోని ఎఫ్, టీ వారివే. 8 అన్నది వాడే స్వరాల సంఖ్య. టేలర్‌కు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1974లో రస్సెల్ హల్స్‌తో కలిసి జంట పల్సార్‌ను కనుగొన్నందుకు ఆ గౌరవం. రొదలో మునిగిపోయిన పల్సార్ టిక్కుటిక్కుమనే సవ్వడిని లెక్కలతో బయటికి లాగడం ఆయన వృత్తి. ఆ విద్యనే హ్యామ్ రేడియోకు తెచ్చి, ఉల్కల తోకల మీదుగా, చంద్రుడి ఉపరితలం మీదుగా మాట్లాడుకునే పద్ధతులను 2001 నుంచి ఒక్కొక్కటిగా తయారుచేశారు. ఎఫ్‌టీ8 ఆ వరుసలోదే.

పద్ధతి సూక్ష్మం ఏమిటంటే, చెప్పే మాటను ముందే బిగించడం. ఒక సందేశానికి 77 బిట్లే చోటు. వాటికి తప్పులు పట్టే బిట్లు, తప్పులు దిద్దే బిట్లు చేర్చి 174 చేస్తారు. కొంత పాడైనా మిగిలినదాన్ని బట్టి అవతలి కంప్యూటర్ అసలు సందేశాన్ని తిరిగి కట్టుకుంటుంది. చిరిగిన ఉత్తరంలో ఊరూ ఇంటిపేరూ సగం సగం కనిపించినా పోస్ట్‌మ్యాన్ ఇల్లు పట్టుకున్నట్టే. సంకేతం బలం చుట్టూ ఉన్న రొదలో నూట ఇరవయ్యో వంతుకు పడిపోయినా సందేశం అందుతుంది. చెవికి అది వినబడదు. ఒక సంకేతం ఆక్రమించే వెడల్పు 50 హెర్ట్జ్. ఒక మనిషి గొంతుకు పట్టే చోటులో యాభై మంది సర్దుకుంటారు.

దీనికి ఒక షరతు ఉంది. అందరి గడియారాలూ కలవాలి. నిమిషాన్ని పదిహేను సెకన్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, ఒకరు ఒక ముక్కలో పంపితే రెండోవారు తర్వాతి ముక్కలో జవాబిస్తారు. సెకనో రెండో తేడా వస్తే అంతా మాయం. అందుకే ఇంటర్నెట్ సరిగా లేని పల్లెలో ఎఫ్‌టీ8 పెట్టేవారు కంప్యూటర్‌కు చిన్న జీపీఎస్ పరికరం తగిలిస్తారు.

> నల్లగొండ చిరునామా ఎంకే97
>
> హ్యాములు భూగోళాన్ని గళ్లుగా విడదీసుకున్నారు. రేఖాంశంలో రెండు డిగ్రీలు, అక్షాంశంలో ఒక డిగ్రీ కలిస్తే ఒక గడి. హైదరాబాద్, నల్లగొండ రెండూ ఎంకే97లో పడతాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం 17వ అక్షాంశానికి దిగువన ఉన్నాయి కాబట్టి అవి ఎంకే96. మహబూబ్‌నగర్ పట్టణం 78వ రేఖాంశాన్ని ఆనుకుని ఉంది. పట్టణం ఎంకే86లో ఉంటే, తూర్పున కొంచెం నడిచేసరికి గడి మారి ఎంకే96 వస్తుంది. ఎఫ్‌టీ8 సందేశంలో ఊరి పేరుకు బదులు పంపేది ఈ నాలుగు అక్షరాలే.

ప్రతి తరానికీ ఒక తగువు

హ్యాముల చరిత్ర చదివితే ఈ వాదన కొత్తది కాదని తెలుస్తుంది. 1920లలో నిప్పురవ్వ ట్రాన్స్‌మిటర్లు పోయి వాల్వులు వచ్చినప్పుడు పాతవారు బాధపడ్డారు. 1950లలో గొంతును పంపే పాత ఏఎం పద్ధతి పోయి సింగిల్ సైడ్‌బ్యాండ్ వస్తే, ఆ గొంతు బాతు అరుపులా ఉందని ఈసడించారు. నిజానికి ఏఎంలో శక్తిలో మూడింట రెండు వంతులు మాట మోయని ఖాళీ అలకే పోతుంది. ఆ లెక్క ముందు ఈసడింపు నిలవలేదు. 1998లో బ్రిటిష్ హ్యామ్ పీటర్ మార్టినెజ్ పీఎస్‌కే31 తెచ్చినప్పుడు, కంప్యూటర్ సౌండ్‌కార్డు ఉంటే చాలు, కీబోర్డు మీద కబుర్లు చెప్పుకోవచ్చని తేలింది. అప్పుడూ గొణుగుళ్లు వినబడ్డాయి.

మోర్స్ కథ వీటన్నిటికంటే బరువైనది. హ్రస్వతరంగాల మీదికి రావాలంటే మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమం 2003లో పోయింది. అమెరికా 2007లో ఆ పరీక్షను పూర్తిగా ఎత్తేసింది. భారత నిబంధనలు మధ్యదారి పట్టాయి: రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగం కావాలి. 2013 జూలై 15న దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. తంతి అంటే గుండె దడదడలాడిన తరం ఇంకా పల్లెల్లో ఉంది. ఆ తంతి భాషను సజీవంగా ఉంచినవారిలో హ్యాములు ముందుంటారు. కాబట్టి మోర్స్ మీద వారికున్న మమకారాన్ని ఛాందసం అని కొట్టిపారేయడం అన్యాయం. మోర్స్‌లో కొట్టే చేతి తీరు గొంతులాగే ఎవరిది వారికే ప్రత్యేకం. అనుభవమున్న చెవి చుక్కలు విని మనిషిని గుర్తుపడుతుంది. ఎఫ్‌టీ8లో ఆ గుర్తు ఉండదు. పాతవారి బాధంతా ఇక్కడే ఉంది, అది నిజమైన బాధ.

రెండు పక్షాల మాట

వ్యతిరేకించేవారి మొదటి అభ్యంతరం సంభాషణ లేకపోవడం. ఒకటి, ఒకటిన్నర నిమిషంలో పరిచయం ముగుస్తుంది. పేరు తెలియదు, పిల్లల సంగతి తెలియదు. ఏళ్ల తరబడి రోజూ ఒకే వేళకు పలకరించుకుని, చివరికి ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు వెళ్లిన స్నేహాలు హ్యాముల్లో ఉన్నాయి. అటువంటివి ఈ పద్ధతిలో పుట్టవు. రెండో అభ్యంతరం, బ్యాండ్లు ఖాళీ కావడం. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర మూగితే మిగిలిన చోట మాట్లాడేవారు కరువవుతారు. మూడోది, మనిషి లేకుండానే యంత్రం నడుస్తుందేమోనన్న అనుమానం. టేలర్ బృందం తమ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కొత్త పిలుపునూ మనిషే మొదలుపెట్టేలా అడ్డు పెట్టింది. ఆ అడ్డును తొలగించిన నకళ్లు వచ్చాయి కాబట్టి అనుమానం పూర్తిగా పోలేదు.

సమర్థించేవారి వాదనలో ముఖ్యమైనది తాహతు. పెద్ద స్తంభం, తిరిగే యాంటెన్నా, వేల వాట్ల ఆంప్లిఫయర్ అందరికీ ఉండవు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు మీటర్ల తీగ, అయిదు వాట్ల సెట్టు ఉన్నవారికి గొంతుతో యూరప్ అందదు. ఎఫ్‌టీ8తో అందుతుంది. పైగా ఆ పద్ధతి వచ్చిన వేళ సూర్యుడి మీద మచ్చలు తగ్గిపోతున్న కాలం. అవి తగ్గితే తరంగాలు దూరం పోవు. 2019 చివరి దాకా ఆకాశం మూసుకుపోయినట్టే ఉండి, గొంతులు దాటక, చాలామంది రేడియోలు కట్టిపెట్టారు. వారిని మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చింది ఇదే.

మన దగ్గర ఇంకో కోణం ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన కుర్రవాడు లైసెన్సు తెచ్చుకున్నాక మైకు పట్టుకుని జర్మనీవాడితో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నోరు పెగలదు. యాస గురించిన బెరుకు, తప్పు మాట్లాడతానేమోనన్న భయం. ఎఫ్‌టీ8 ముందు ఆ జంకు ఉండదు. అక్కడ అందరి యాసా ఒక్కటే. వినికిడి తగ్గినవారికీ, మాట సరిగా రానివారికీ కూడా ఇది తెరుచుకున్న తలుపు. పాత తరం ఈ మేలును తక్కువగా చూస్తోంది.

కోఠీ గల్లీ నుంచి వచ్చిన జవాబు

సాంకేతిక ఆవిష్కరణ గురించి వాదించుకోవడం ఒకటి, చేసి చూపడం ఒకటి. హైదరాబాద్ రెండోది చేసింది. అష్హర్ ఫర్హాన్ అనే హైదరాబాదీ హ్యామ్ 2000ల తొలి సంవత్సరాల్లో బిట్‌ఎక్స్20 అనే ట్రాన్స్‌సీవర్ డిజైన్‌ను ప్రపంచం ముందు ఉచితంగా పెట్టారు. 14 మెగాహెర్ట్జ్ మీద ఆరు వాట్లతో గొంతును పంపే సెట్టు అది. పేరులోనే కిటుకు ఉంది. అందులోని ఆంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి. వినేటప్పుడు అటు నుంచి ఇటు, పంపేటప్పుడు ఇటు నుంచి అటు. కాబట్టి రిసీవర్‌కు ఒకటి, ట్రాన్స్‌మిటర్‌కు ఒకటి అని రెండు సర్క్యూట్లు కట్టనక్కర్లేదు. ఖర్చు బాగా దిగిపోతుంది.

ఆ డిజైన్‌లో అన్నిటికంటే హృదయానికి హత్తుకునేది విడిభాగాల ఎంపిక. విదేశాల్లో కాయిల్ చుట్టడానికి ప్రత్యేకమైన ఫెర్రైట్ వలయాలు దొరుకుతాయి. మన దగ్గర దొరకవు. బదులుగా ఫర్హాన్ వాడింది నల్లా బిగించేటప్పుడు వేసే వాషర్. కొన్నిచోట్ల టీవీ యాంటెన్నాల్లో ఉండే బాలన్ పూసలు. పవర్ దశలో ఐఆర్‌ఎఫ్510, విద్యుత్ పరికరాల కోసం తయారైన చవక ట్రాన్సిస్టర్. కోఠీ గుజరాతీ గల్లీలో కాళ్లరిగేలా తిరిగితే ఎవరికైనా దొరికే సరుకుతో సెట్టు పూర్తయ్యేలా చూశారు. సంపన్న దేశాల హ్యాములు కూడా దాన్ని కట్టుకున్నారు. చవక అన్న కారణం ఒక్కటే కాదు. దాన్ని కట్టినవాడికి రేడియో లోపల ఏం జరుగుతుందో అర్థమవుతుంది.

తర్వాత 7 మెగాహెర్ట్జ్ కోసం బిట్‌ఎక్స్40 వచ్చింది. బోర్డుల మీద కాయిళ్లు చేత్తో చుట్టే పని హైదరాబాద్ మహిళల బృందానికి ఉపాధి అయింది. 2017 చివర్లో 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అన్ని బ్యాండ్లూ పలికే మైక్రోబిట్‌ఎక్స్ వచ్చింది. అప్పటి ధర 109 డాలర్లు. అందులో చిన్న ఆర్డ్యునో కంప్యూటర్ ఉంది, దాని ప్రోగ్రామ్ ఎవరైనా మార్చుకోవచ్చు. మార్చుకున్నారు కూడా. తొలి రూపంలో అవాంఛిత తరంగాలు కొన్ని బయటికి పోతున్నాయని వాడినవాళ్లే కొలిచి చెప్పారు. మరమ్మతులు సూచించారు. తర్వాతి రూపాల్లో అవి చేరాయి. సర్క్యూట్ బొమ్మ అందరి చేతుల్లో ఉండబట్టే ఇది సాధ్యమైంది.

2022లో వచ్చిన ఎస్‌బిట్‌ఎక్స్ ఈ కథను నేరుగా డిజిటల్ తగువులోకి తెచ్చింది. రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ దాని గుండె. వడపోతలన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతాయి. ఎఫ్‌టీ8 ఆ పెట్టెలోనే ఉంది. మోర్సూ ఉంది, మైకూ ఉంది. ఏదో ఒక పక్షం ఎంచుకోమని ఆ యంత్రం అడగదు.

> ల్యాప్‌టాప్ తగిలించే ముందు
>
> మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌కు ఊపిరి అందుతుంది. ఎఫ్‌టీ8లో 12.64 సెకన్లు పూర్తి శక్తి ఆగకుండా ప్రవహిస్తుంది. గాలి ఆడని పెట్టెలోని చిన్న పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోవడం ఇక్కడే. శక్తిని సగానికి తగ్గించి, వేడిని లాగే రేకు పెద్దది పెట్టుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. కంప్యూటర్ ధ్వనిని ఎక్కువ పెంచినా ముప్పే. ఒక ఈల నాలుగు ఈలలై పక్కవారి మీద పడుతుంది.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ సాంస్కృతిక వేదికను నెలకొల్పినవారిలో ఫర్హాన్ ఒకరు. నాటకాలు, ముషాయిరాలు, చర్చలు జరిగే ఆ ప్రాంగణం పేరుతోనే ఒక హ్యామ్ క్లబ్బు నడుస్తోంది. కళకూ రేడియోకూ ఒకే చెట్టు నీడ దొరకడం అరుదైన సంగతి.

మూసిన పెట్టె

అసలు వాదించాల్సిన చోటు ఎఫ్‌టీ8 కాదు. దాని పద్ధతి, సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచే ఉన్నాయి. చేతిలో పట్టుకుని తిరిగే డిజిటల్ వాకీటాకీల సంగతి వేరు. డీఎంఆర్ కానీ, జపాన్ హ్యాముల సంఘం రూపొందించిన డీ-స్టార్ కానీ, యాయెసు కంపెనీ 2013లో తెచ్చిన ఫ్యూజన్ కానీ, గొంతును అంకెలుగా కుదించేందుకు ఒకే అమెరికన్ కంపెనీ కోడెక్ కుటుంబం మీద ఆధారపడ్డాయి. లోపల ఏం జరుగుతుందో రేడియో కొన్నవాడికి చూసే హక్కు లేదు. విప్పి, చూసి, మార్చి కట్టుకోవడమే ప్రాణంగా బతికిన హాబీకి ఇది సరిపడే సంగతి కాదు.

దీనికీ హ్యాములే మార్గం వెతికారు. ఆస్ట్రేలియా హ్యామ్ డేవిడ్ రో, గొంతును అతి తక్కువ బిట్లలోకి కుదించే కోడెక్2ను రాసి అందరికీ ఇచ్చేశారు. దాని మీద పోలండ్ హ్యాములు 2019లో ఎం17 అనే తెరిచిన పద్ధతిని మొదలుపెట్టారు. వార్సాలో తమ క్లబ్బు ఉన్న మొకొటోవ్‌స్కా వీధి 17వ నంబరు ఇంటి పేరే దానికి పెట్టారు. ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు చేపట్టదగ్గ పని ఇది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉన్నాయి. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి చేతికి సొంత యాంటెన్నా, సొంత కాల్‌సైన్ రావడం నాలుగేళ్ల పాఠాల కంటే ఎక్కువ నేర్పుతుంది.

గుట్టలూ మోటార్లూ

దక్షిణ తెలంగాణ ఎగువనేలకు రేడియో విషయంలో కొన్ని వరాలున్నాయి. భువనగిరి ఏకశిల చుట్టూ ఉన్న మైదానం మీద 500 అడుగులకు పైగా లేచి నిలబడుతుంది. దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ గుట్టలూ అటువంటివే. వాకీటాకీలు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు చూపు మేరకే పోతాయి. కొండెక్కితే చూపు పెరుగుతుంది. వాకీటాకీతో డాబా మీద అందని హైదరాబాద్, గుట్ట మీద అందవచ్చు. ఒకప్పుడు కోటలు కట్టినవారు చూసుకున్నదీ ఈ దూరదృష్టినే.

రెండో వరం నిశ్శబ్దం. నగరంలో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి చేసే రొద బలహీన సంకేతాన్ని మింగేస్తుంది. పల్లెలో ఆ రొద తక్కువ. అయితే పల్లెకు తన సొంత రొద ఉంది. పగిలిన పింగాణీ ఇన్సులేటరు, వదులైన జంపరు ఉన్న కరెంటు స్తంభం చిటపటమంటూ ఫర్లాంగుల దూరం వినబడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక బోరు మోటార్లు ఏ వేళనైనా నడుస్తున్నాయి. కాబట్టి తీగ ఎక్కడ కట్టాలో నిర్ణయించే ముందు చిన్న ట్రాన్సిస్టర్ రేడియో పట్టుకుని పొలమంతా తిరిగి, రొద ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవడం మేలు.

దగ్గరి ఊళ్లతో మాట్లాడడంలో ఒక తిరకాసు ఉంది. హైదరాబాద్‌లో 14 మెగాహెర్ట్జ్ మీద పంపిన మాట ఆకాశంలోని అయనావరణం పొరను తాకి ఢిల్లీలోనో దుబాయ్‌లోనో దిగుతుంది. వంద కిలోమీటర్ల దూరంలోని పాలమూరును దాటేసి పోతుంది. 7 మెగాహెర్ట్జ్ పగటిపూట దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. గొడుగు పట్టినట్టు చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లు తడుస్తాయి. నల్లమల లోయలకూ ఆ తడి అందుతుంది. పొరుగు జిల్లాల హ్యాములు ఉదయం పూట కలుసుకునేది ఆ బ్యాండ్ మీదే. అక్కడ తెలుగు వినబడుతుంది, హిందీ వినబడుతుంది, నవ్వులు వినబడతాయి.

నీళ్లు ముంచెత్తినప్పుడు

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆధ్వర్యంలో హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. అంతకుముందు ఆ దీవుల నుంచి హ్యాములు మాట్లాడింది 1987లో. ప్రపంచమంతా అండమాన్‌ను అందుకోవాలని ఎగబడుతున్న ఆ ఉత్సవంలో, 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు, కరెంటు పోయాయి. ఆడుకోవడానికి తెచ్చిన రేడియోలే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య మాట మోశాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉండేవారు. తమవారు క్షేమమా కాదా అన్న ఒక్క ముక్క కోసం ఇక్కడి ఇళ్లు ఎదురుచూశాయి. ఆ క్షణంలో కావలసినవి పేరు, ఊరు, బతికే ఉన్నారన్న మాట.

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగినప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్ పరిసర గ్రామాలు మునిగాయి. ఆనాడు ఎవరికైనా కావలసినవి మూడు: కరెంటు లేకున్నా నడిచే బ్యాటరీ, టవర్ లేకున్నా పోయే తరంగం, ఎవరికైనా అర్థమయ్యే సందేశం. ఎఫ్‌టీ8 మొదటి రెండింటిలో గొప్పది. మూడోదానిలో ఓడిపోతుంది. ఎన్ని కుటుంబాలు గట్టు మీద ఉన్నాయో, ఎవరికి మందు కావాలో చెప్పడానికి అందులో చోటు లేదు.

ఈ లోటు చూసి 2018లో అమెరికన్ హ్యామ్ జోర్డాన్ షెరర్ జేఎస్8కాల్ రాశారు. ఎఫ్‌టీ8 లోపలి యంత్రాంగాన్నే తీసుకుని, కీబోర్డు మీద ఎంత పొడుగైనా మాట టైపు చేసేలా, మధ్యలో ఉన్న కేంద్రం అందుకుని ముందుకు పంపేలా మార్చారు. నెమ్మదిగా పోతుంది కానీ పోతుంది. అంటే కబుర్లు పోయాయని పాతతరం చేసిన ఫిర్యాదుకు కొత్త పద్ధతిలోనే జవాబు దొరికింది. ఫిర్యాదు లేకపోతే ఆ జవాబు పుట్టేది కాదు.

> శ్రీహరికోట నుంచి హ్యామ్‌శాట్
>
> 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన రెండు ఉపగ్రహాల్లో ఒకటి హ్యాముల కోసం ఇస్రో కట్టిన 42.5 కిలోల హ్యామ్‌శాట్. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. 2014 జూలై దాకా మాట మోసింది. అందులో ఒక ట్రాన్స్‌పాండర్ మనది, రెండోది నెదర్లాండ్స్ హ్యామ్ తయారుచేసింది.

తెలుగుకు చోటెంత

ఈ చర్చలో తెలుగువారు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. డిజిటల్ పద్ధతుల్లో తెలుగు పోతుందా?

ఎఫ్‌టీ8లో సొంత మాట రాసుకోవడానికి ఇచ్చింది 71 బిట్లు. వాటిలో పదమూడు అక్షరాలు పడతాయి. అయితే ఆ అక్షరాలు ఇంగ్లిష్ పెద్దబడి 26, అంకెలు 10, చిన్న గుర్తులు 5, ఖాళీ ఒకటి, మొత్తం 42లోంచే రావాలి. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి 24 బిట్లు కావాలి. 'వరద' అన్న మూడక్షరాల మాటకు 72 బిట్లు. ఉన్నవి 71. ఒకే ఒక్క బిట్టు తక్కువై తెలుగు వరద ఆ గట్టు దాటదు.

బొమ్మలు పంపే ఎస్‌ఎస్‌టీవీ పద్ధతిలో తెలుగు చేతిరాతైనా పోతుంది, కానీ దానికి బలమైన సంకేతం కావాలి. 1929లో జర్మన్ ఇంజినీర్ రుడాల్ఫ్ హెల్ కనిపెట్టిన హెల్‌ష్రైబర్ అక్షరాన్ని చుక్కల బొమ్మగా పంపుతుంది. దానికి భాషాభేదం లేదు. అయితే అది ఇచ్చే చుక్కల ఎత్తులో మన వత్తులూ గుణింతాలూ ఇరుక్కుపోతాయి.

ఇంకో దారి లెక్కలో ఉంది. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన పట్టికలో గడులు 128. అంటే పంపేవాడికీ అందుకునేవాడికీ ఆ పట్టిక ముందే తెలిసి ఉంటే ఒక్కో గుర్తుకు ఏడు బిట్లు చాలు. పట్టికలో ఇంకా నింపని గడులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని పదాల మధ్య ఖాళీకి వాడుకోవచ్చు. హ్యామ్ నియమాలు సందేశం అర్థాన్ని సంకేతభాషలో దాచవద్దంటాయి. పట్టికను బహిరంగంగా ప్రకటిస్తే ఆ నియమానికి భంగం ఉండదు. అప్పుడు 71 బిట్లలో పది గుర్తులు పడతాయి. 'వరద'కు మూడు, ఖాళీకి ఒకటి. మిగిలిన ఆరింటిలో కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఊరి పేరు సరిగ్గా సరిపోతుంది: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. 'వరద గద్వాల'. డెబ్బై బిట్లు, పన్నెండున్నర సెకన్లు, అయిదు వాట్లు, ఒక రాగితీగ.